సూది లేనివాళ్ళు

మా అన్నయ్య గోడమీది పటంలోంచి గుండుసూదులు పీకుతున్నాడు.

పొద్దున్నే పొయ్యి రాజేద్దామని నేను కిందికి దిగేసరికే కుర్చీ లాక్కుని దానిమీద ఎక్కి నిలబడ్డాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఒక చేత్తో అలమర అంచు పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో సూదీ లాగి పొగాకు డబ్బాలో వేస్తున్నాడు. డర్హమ్ సూదులు అలాగే ఉన్నాయి. కెంట్ సూదులూ ఉన్నాయి. సముద్రాలవతల టాస్మేనియావి కూడా చెక్కుచెదర్లేదు. పోయినవల్లా మా కొండ చుట్టూ గుచ్చినవే. మా నాన్నది, తాతది, ముత్తాతది.

"దిగన్నయ్యా. పడితే నడుం విరుగుతుంది," అన్నాను.

"విరగనీ. ఎవడి నడుమో ఏమిటో నాకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

నిన్న సాయంత్రం వినిఫ్రెడ్ ఫోన్ చేసినప్పటినుంచి ఇదే వరస. వినిఫ్రెడ్ అంటే మా ఇంటిపేరున్న కెల్డ్రిగ్‌ల సంఘానికి కార్యదర్శి. సంఘాన్ని పెట్టినవాడు మా అన్నయ్యే. ఈ పేరున్న మగవాళ్ళందరి చేతా దవడ లోపలి ఉమ్ము తీయించి పరీక్షకి పంపుదాం, అందరం ఈ ఒక్క ఇంట్లోంచి పుట్టుకొచ్చామని లోకానికి రుజువవుతుంది అని పట్టుబట్టినవాడూ ఆయనే. రుజువయింది. ఆ పరీక్ష చూసేది తండ్రినుంచి కొడుక్కి దిగే రక్తాన్నే. డర్హమ్‌వాళ్ళు, కెంట్‌వాళ్ళు, టాస్మేనియావాళ్ళు అందరిదీ ఒకటే రక్తం. కలవనిది ఒక్కడిదే. కెల్డ్రిగ్ ఇంట్లో కూర్చున్న ఏమస్ కెల్డ్రిగ్‌ది.

"యంత్రం పొరబడిందేమోనండీ," అందిట వినిఫ్రెడ్, పాపం. ఆయన ఫోన్ పెట్టేసి, అన్నం ముట్టకుండా వెళ్ళి పడుకున్నాడు.

ముప్ఫై ఏళ్ళనుంచి ఆ పటమే ఆయనకి పూజా పునస్కారం. మా ఇంటి వెనక గట్టుకింద ఊట ఉంది. మా యాసలో కెల్డ్ అంటే ఊట, రిగ్ అంటే గట్టు. ఆ ఊటని బట్టే గట్టుకి పేరు, గట్టుని బట్టి ఇంటికి, ఇంటిని బట్టి మనుషులకి. ఇంగ్లండులో మరెక్కడా ఈ పేరు పుట్టలేదు. ప్రపంచంలో ఉన్న కెల్డ్రిగ్‌లందరినీ పోగేసి తెచ్చినా మా చర్చిలో సగం బెంచీలు నిండవు. సీసం గనుల పనికని ఒకడు డర్హమ్ పోయాడు. ఇటుకల బట్టీకని వాడి తమ్ముడు కెంట్ పోయాడు. ఆ డర్హమ్‌వాడి కొడుకొకడు ఎవరి గొర్రెనో దొంగిలించి, ద్వీపాంతర శిక్ష పడి, సర్కారు ఖర్చుమీద టాస్మేనియా పోయాడు. ఆ దొంగవెధవ గురించి చెప్పేటప్పుడు కూడా అన్నయ్య గొంతులో గర్వం పలికేది.

ఎర్ర సూది బతికున్న మగవాడికి. నల్ల సూది పోయిన మగవాడికి. ఆడవాళ్ళకి సూది లేదు. పెళ్ళయితే పేరు పోతుంది, కాకపోతే వంశం సాగదు, ఎలా చూసినా దండగే అని ఆయన లెక్క. పుట్టినప్పటినుంచీ నేను డార్కస్ కెల్డ్రిగ్‌నే. పెళ్ళీ పెటాకులూ లేక, ఆ పటం కిందే నిలబడి మూడుపూటలా ఈయనకి వండి పెడుతున్నాను. నాకూ సూది లేదు.

వెనక తలుపు తోసుకుని తిర్జా వచ్చింది. అన్నయ్యకి ఒక్కగానొక్క కూతురు. గొర్రెలు ఈనే రోజులు కదా, రాత్రంతా కొట్టంలోనే ఉన్నట్టుంది, మోచేతులదాకా ఎండిన మాయ. కోటు లోపల గొర్రెపిల్ల వణుకుతోంది. నేను పాలసీసా వెచ్చబెట్టి ఇచ్చాను. అది తాగుతుంటే తిర్జా కుర్చీమీదున్న తండ్రిని చూసింది.

"ఇవాళ గైల్స్ వస్తున్నాడా, రావద్దని చెప్పావా?" అనడిగింది.

"వస్తున్నాడు. భోజనానికి. టీ వేళకి వకీలు వస్తాడు."

"సంతకాలకేనా?"

"మరి దేనికి? నా మొహం చూడ్డానికా?"

తిర్జా సీసా బల్లమీద పెట్టింది. "నాన్నా, నాకు అర్థమయ్యేట్టు చెప్పు. పదహారేళ్ళప్పటినుంచి ఈ కొండమీద గొర్రెలు కాస్తున్నది నేను. నీ మోకాళ్ళు పోయాక గోడ కట్టాలన్నా నేనే, మంచులో మేత మొయ్యాలన్నా నేనే. అయినా ఇల్లూ పొలమూ కెంట్‌లో ఉన్న గైల్స్‌కి రాస్తానన్నావు. ఎందుకంటే వాడు కెల్డ్రిగ్, నేను గావిన్‌ని చేసుకుని టగ్‌వెల్‌నయ్యాను. రక్తం రక్తం అని నా చెవులు తినేశావు. ఇప్పుడు నీ రక్తమే ఈ ఇంటిది కాదని తేలింది కదా. ఇంకా వాడెందుకు?"

"అందుకే," అన్నాడు అన్నయ్య.

అంతే. ఇంకో సూది డబ్బాలో పడింది.

తిర్జా నావైపు తిరిగింది. "అత్తా, మన రక్తం ఎక్కడ తప్పిపోయింది? ఎవరైనా తప్పు చేశారా?"

"తప్పేం కాదే," అన్నాను. "ఐజక్ కదా."

అన్నయ్య చెయ్యి ఆగింది.

"మా నాయనమ్మ చెప్పేది. ఈయన కూడా నా పక్కనే కూర్చుని విన్నాడు. ఇటుకల బట్టీకీ గనులకీ పోయిన ఆ అన్నదమ్ములిద్దరికీ ఒక చెల్లెలుంది, తబిత అని. వాళ్ళు పోయాక ఇంట్లో మిగిలింది అదొక్కతే. కొండ అవతల్నుంచి ఐజక్ అని జీతగాడొచ్చాడు. దాన్ని చేసుకుని ఇల్లరికం ఉండిపోయాడు. వాడి అసలు పేరేమిటో నాయనమ్మకే తెలీదు. వచ్చిన వారానికే లోయలో అందరూ కెల్డ్రిగ్ ఐజక్ అన్నారు. పిల్లలు కెల్డ్రిగ్‌లయ్యారు. ఇక్కడ ఎప్పుడూ అంతేగా. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటిపేరు."

"ఇప్పుడూ అంతే," అంది తిర్జా నెమ్మదిగా. "సంతలో గావిన్‌ని టగ్‌వెల్ అని ఎవరంటారు? కెల్డ్రిగ్ గావిన్ అనేగా పిలుస్తారు."

నిజమే. మా గొర్రెల భుజంమీద ఎర్రచార కూడా అంతే. అది ఇంటి గుర్తు. మనిషి మారినా చార మారదు. ఈ లోయలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. ఒక్క మా అన్నయ్యకే చదువు ఎక్కువై తెలీకుండా పోయింది. ముసలమ్మల కబుర్లు పటానికి పనికిరావని ఆయనకి మొదటినుంచీ పట్టుదల.

"అయితే ఈ ఇల్లు నిలబెట్టింది కూతురే," అంది తిర్జా. మొహం విప్పారింది పిచ్చిపిల్లకి. "పేరు పట్టుకుని పోయినవాళ్ళు పోయారు. ఉన్నది తబిత. నాన్నా, నేను చేస్తున్నదీ అదేగా."

అన్నయ్య కుర్చీ దిగి, డబ్బా మూత బిగించి, జేబులో వేసుకుని బయటికి పోయాడు. పటంలో మా కొండమీద ఒక్క సూదే మిగిలింది. ఎర్రది. ఆయనది.

తిర్జా కాసేపు ఆ సూదివైపే చూసింది. తర్వాత నన్నడిగింది. "అత్తా, ఇంట్లో, పొలంలో సగం నీ పేరనుంది కదా. తాత రాసిందేగా. నువ్వూ సంతకం పెడతావా?"

నేను బంగాళాదుంపలు చెక్కుతున్నాను. ఏం చెప్పను? నాన్న పోయేముందు మా ఇద్దరి పేరా రాశాడన్నమాటే గాని, ఆ సగం ఏ సగమో ఎన్నడూ ఎవరూ నన్నడగలేదు. చూపించినచోట సంతకం పెట్టడం తప్ప నాకింకో పని పడలేదు. వెనక గది మీ అన్నాచెల్లెళ్ళకి బతికున్నన్నాళ్ళూ వదిలేస్తానని గైల్స్ మాటిచ్చాడు. ఈ వయసులో ఆ గది కూడా పోతే ఎక్కడికి పోను?

ఇంకో దుంప చేతిలోకి తీసుకున్నాను. తిర్జా గొర్రెపిల్లని మళ్ళీ కోటులో దోపుకుని వెళ్ళిపోయింది. తలుపు కూడా నెమ్మదిగానే వేసింది. విసిరికొట్టినా బాగుండేది.

*

గైల్స్ మంచివాడే. నాకు అదే మంట. దుర్మార్గుడైతే తిట్టుకోవడానికి వీలుండేది.

కెంట్‌లో వంటిళ్ళు బిగించే వ్యాపారం అతనిది. యాభై దాటాయి. బురదే ఎరగని కొత్త బూట్లు, చేతిలో వైన్ సీసా. వస్తూనే నా అలమర తలుపుమీద చెయ్యి వేసి నిమిరాడు. "అసలైన ఓకు చెక్క. ఇలాంటిది ఇప్పుడెక్కడ దొరుకుతుంది ఆంటీ," అన్నాడు. అది అప్పుడే తనదైపోయినట్టు.

భోజనానికి నలుగురూ కూర్చున్నారు. అన్నయ్య, గైల్స్, తిర్జా, దాని మొగుడు గావిన్. పాల ట్యాంకరు నడుపుతాడు గావిన్. నోట్లో నాలుక లేని మనిషి. తిండి దగ్గర కూడా ఎవరైనా అందిస్తేనే తింటాడు. నేను పొట్టేలు మాంసం, బంగాళాదుంపలు వడ్డించి పొయ్యి దగ్గరే నిలబడ్డాను.

"వినిఫ్రెడ్ గారు చెప్పారు," అన్నాడు గైల్స్, గొంతు తగ్గించి, చావు పరామర్శకి వచ్చినవాడిలా. "నాకేం పట్టింపు లేదు బాబాయ్. మీరు ఎప్పటికీ మాకు పెద్దదిక్కే."

"మాంసం తిను," అన్నాడు అన్నయ్య.

తిన్నాడు. బాగా తిన్నాడు. తింటూ తన ఆలోచనలు చెప్పుకొచ్చాడు. కొట్టం రెండంతస్తులు చేసి, సెలవులకి వచ్చేవాళ్ళకి గదులు కడతాడట. గుమ్మంమీద కెల్డ్రిగ్ అని రాతిలో చెక్కిస్తాడట. ఏటా వేసవిలో సంఘం వాళ్ళందరూ వచ్చి దిగుతారట.

"గొర్రెల సంగతి?" అనడిగింది తిర్జా.

"నాకు గొర్రెల గురించి ఏం తెలుసు తిర్జా. అమ్మేద్దాం. నువ్వే మంచి బేరం చూసిపెట్టు."

"వాటిని అమ్మితే మళ్ళీ రావు."

"వేరేవి కొనుక్కోవచ్చుగా, కావాలంటే?"

గావిన్ పళ్ళెంలోంచి తలెత్తాడు. తిర్జా మాత్రం చాలా ఓపిగ్గా చెప్పింది. "ఆ కొండకి కంచె లేదు గైల్స్. అయినా మా గొర్రెలు పక్కవాళ్ళ మేతలోకి పోవు. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, ఎక్కడిదాకా మనదో. దాని పిల్లకి అది నేర్పుతుంది. పొట్టేళ్ళని బయటినుంచి కొని తెస్తాం, ప్రతి రెండు మూడేళ్ళకీ మారుస్తాం. కొండ గుర్తుండేది తల్లులకే. ఆ మంద పోతే కొత్తవి నాలుగు దిక్కులా పోతాయి."

"అలాగా," అన్నాడు గైల్స్. "భలే సంగతే. అది కూడా ఒక పలకమీద రాయించి పెడితే బాగుంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె గిన్నెలో పడేశాను, చప్పుడయ్యేట్టు.

"దిగువ ఇల్లు?" అంది తిర్జా. పాతికేళ్ళుగా వాళ్ళు కాపురం ఉంటున్న ఇల్లు అది.

గైల్స్ మొహం ఎర్రబడింది. "తొందరేం లేదు. వేసవికల్లా ఖాళీ చేస్తే చాలు. కావాలంటే ఇంకో నెల."

నేను రూబార్బ్ తీపి తెచ్చి పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు, గైల్స్ తప్ప.

అప్పుడు మాట్లాడాడు గావిన్. పాతికేళ్ళలో మా అన్నయ్యతో వాడు మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు.

"మావయ్యా, ఒక మాట. పేరు కోసమేగా ఇదంతా? నా పేరుతో నాకేం పని? టగ్‌వెల్ అంటే పాల డబ్బాలమీద కూడా ఎవరూ రాసుకోరు. రేపే కాయితం పెట్టి మార్చుకుంటాను. నేనూ కెల్డ్రిగ్, తిర్జా కెల్డ్రిగ్. మీ పటంలో నాకు సూది అక్కర్లేదు. తిర్జాకి ఒక్కటి పెట్టండి చాలు."

తిర్జా కళ్ళెత్తలేదు. వాడి చెయ్యి పట్టుకుంది, బల్లకింద. నేను పొయ్యి దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టి నాకు కనబడింది. ఏ అల్లుడంటాడు ఆ మాట? ఈ ఇరవై అయిదేళ్ళూ ఆ టగ్‌వెల్ పేరుని మా అన్నయ్య ఎన్ని వేళాకోళాలు ఆడాడో నాకు తెలుసు. దున్నపోతు పేరన్నాడు, తాడు లాగేవాడి పేరన్నాడు. వాడు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

అన్నయ్య చెంచా కింద పెట్టాడు. చాలాసేపు గావిన్ మొహంలోకే చూశాడు. ఒక్క క్షణం నేను కూడా ఆశపడ్డాను.

"నీలాంటివాడే ఒకడు," అన్నాడు, "ఈ బల్ల దగ్గరే కూర్చుని ఇదే మాటన్నాడు. నా పేరుదేముంది, మీ పేరు పెట్టుకుంటానన్నాడు. సరేనన్నారు తెలివితక్కువ వాళ్ళు. అందుకే నేను ఇవాళ ఎవణ్ణీ కాకుండా పోయాను."

"నాన్నా," అంది తిర్జా.

"ఆగు. పొద్దున అడిగావుగా ఎందుకని. చెబుతున్నాను విను. నిన్నటిదాకా ఈ ఇల్లు నాది, నాది నా ఇష్టం వచ్చినవాడికి ఇస్తున్నాననుకున్నాను. ఇప్పుడు అది కూడా కాదు. ఇది వాళ్ళది." గైల్స్‌వైపు చూపించాడు. "కెంట్ పోయినవాడిది, గనులకి పోయినవాడిది. మనం జీతగాడి సంతతి. ఇన్ని తరాలు ఇంకొకళ్ళ కుర్చీలో కూర్చున్నాం. లేవాలి."

"వాళ్ళు వదిలేసి పోయారు నాన్నా. తబిత ఉంది. తబిత రక్తం కాదా మనది?"

"తబిత ఆడది," అన్నాడు అన్నయ్య.

కోపంగా అనలేదు. ఇవాళ మబ్బుగా ఉంది అన్నట్టు అన్నాడు.

తిర్జా లేచి తన పళ్ళెం తీసింది. తండ్రి పళ్ళెం కూడా తీసింది, అలవాటు చొప్పున. రెండూ తొట్లో పెట్టి, నీళ్ళు తిప్పి, వీపు మాకు పెట్టి నిలబడింది. గావిన్ టోపీ పట్టుకుని బల్ల దగ్గరే ఉండిపోయాడు, లేవాలో కూర్చోవాలో తెలీనట్టు.

*

వకీలు టీ వేళకి వచ్చాడు. తొందరలో ఉన్నాడు. నేను బల్ల తుడిచాను. కాయితాలు పరిచి, ఎక్కడెక్కడ సంతకాలు కావాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూపించాడు.

"ఇక్కడ ఏమస్ గారు. దాని కింద డార్కస్ గారు. ఇద్దరివీ ఉంటేనే చెల్లుతుంది."

తిర్జా వెళ్ళిపోతుందనుకున్నాను. పోలేదు. కోటు వేసుకుని వెనక తలుపు గడియమీద చెయ్యి వేసి ఉండిపోయింది. కొట్టంలో ఏదో గొర్రె నొప్పులు పడుతూ అరుస్తోంది. తిర్జాకి వినబడుతూనే ఉంది, అయినా కదల్లేదు.

అన్నయ్య ముందు గోడ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి కుర్చీ ఎక్కలేదు, ఒక్క సూదికే కదా అని మునివేళ్ళమీద లేచాడు. మిగిలిన ఆ ఒక్క ఎర్ర సూదీ లాగాడు. గైల్స్ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. గైల్స్‌కి ఏం చెయ్యాలో తెలీక, థాంక్స్ అన్నాడు.

తర్వాత కూర్చుని సంతకం పెట్టాడు. మా అన్నయ్య చేతిరాత బాగుంటుంది. ఇప్పటికీ వణుకు లేదు. మొదటి అక్షరం పెద్దది చేసి, చివర తోక సాగదీసి, ఎప్పుడూ పెట్టేట్టే పెట్టాడు. కలం నావైపు తోశాడు.

"పెట్టు డార్కస్," అన్నాడు. "పొయ్యిమీద నీళ్ళు మరిగిపోతున్నాయి."

నేను చేతులు తుడుచుకుని కూర్చున్నాను. కలం తీసుకున్నాను. వెనక గది గుర్తొచ్చింది. దాని కిటికీలోంచి ఊట కనబడుతుంది. చిన్నప్పుడు తిర్జాని ఒళ్ళో వేసుకుని ఆ కిటికీ దగ్గరే నిద్రపుచ్చేదాన్ని. వాళ్ళమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. తలెత్తితే అది నావైపే చూస్తోంది. అడగడం కూడా మానేసింది, ఉత్తినే చూస్తోంది.

కాయితంమీద సిరా ఇంకా ఆరలేదు. ఏమస్ కెల్డ్రిగ్ అని ఉంది.

"అన్నయ్యా," అన్నాను. "ఇందాక భోజనాల దగ్గర, మనం కెల్డ్రిగ్‌లం కాదన్నావు. జీతగాడి సంతతి అన్నావు. మరి ఇక్కడ కెల్డ్రిగ్ అని పెట్టావేం?"

"అలవాటుగా పెట్టాను. నీకిప్పుడు దాంతో ఏం పని?"

"నాకే పని. కెల్డ్రిగ్ అని పెట్టే హక్కు నీకుంటే అది తబితనుంచి వచ్చింది. అప్పుడు తిర్జాకీ ఉంది. లేదంటే ఈ ఇల్లు ఇచ్చెయ్యడానికి నువ్వెవరు, నేనెవరు?"

వకీలు కళ్ళజోడు తీశాడు. గైల్స్ గుప్పిట విప్పి సూదివైపు చూసుకున్నాడు. పొయ్యిమీద కెటిల్ గీపెడుతోంది. ఎవరూ దాన్ని దించలేదు.

"చెప్పు," అన్నాను. "చూపించినచోట పెడతాను, ఎప్పుడూ పెట్టేదాన్నేగా. ఏ పేరుతో పెట్టమంటావు?"